కంపెనీ కాగితం కూడా సాక్ష్యమే

"మా బావగారు కంపెనీ పెడుతున్నారు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కనీసం ఇద్దరు ఉండాలట. రెండో పేరుగా నన్ను రాయించుకుంటామంటున్నారు. నేను చేయాల్సిన పనేమీ లేదట, సంతకం పెడితే చాలట. షరీఅత్ ప్రకారం ఇందులో తప్పేమైనా ఉందా?"

ఈ రోజుల్లో మన ఇళ్లలో ఇలాంటి ప్రశ్న తరచూ వినిపిస్తోంది. ఒకప్పుడు మనవాళ్ల వ్యాపారమంటే అన్నదమ్ములు కలిసి నడుపుకునే దుకాణమే. నోటిమాట మీదే వాటాలు నడిచేవి. ఇప్పుడు మన యువకులు తోళ్ల వ్యాపారానికి, ఫర్నిచర్ తయారీకి, ఆహార పదార్థాల సరఫరాకి, సాఫ్ట్‌వేర్ పనికి కంపెనీలు రిజిస్టర్ చేసుకుంటున్నారు. ఇది సంతోషించదగ్గ విషయమే. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) స్వయంగా వ్యాపారం చేశారు. ప్రవక్త పదవి లభించకముందే ఆయన అమానతుదారునిగా, సత్యసంధునిగా పేరుపొందారు.

అయితే పై ప్రశ్న అడిగేవారు దాన్ని చాలా చిన్న విషయంగా భావిస్తారు. "సంతకమే కదా" అనుకుంటారు. నిజానికి అందులో రెండు పెద్ద ప్రశ్నలు దాగి ఉన్నాయి. మొదటిది: ప్రభుత్వ దరఖాస్తులో మనం రాసే మాటకు అల్లాహ్ దగ్గర ఏ విలువ ఉంది? రెండోది: కంపెనీ అప్పు మూలధనం దగ్గర ఆగిపోతుందని చట్టం చెబుతోంది, మరి అల్లాహ్ దగ్గర కూడా అక్కడే ఆగిపోతుందా? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి. కాస్త ఆలోచిస్తే మొదటిదానికి మనమిచ్చే జవాబు మీదే రెండోదాని జవాబు ఆధారపడి ఉందని అర్థమవుతుంది.

దరఖాస్తులో ఏమడుగుతారు?

మన దేశంలో కంపెనీలు 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం నమోదవుతాయి. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. పబ్లిక్ కంపెనీకి ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. ఒక్కరే పెట్టుకోదలిస్తే ఏకవ్యక్తి కంపెనీ అనే పద్ధతి కూడా చట్టంలో ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి 'స్పైస్ ప్లస్' అనే ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారా నమోదు జరుగుతోంది.

అందులో అడిగే వివరాలు ఇవి: కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, చేయబోయే వ్యాపారం, మూలధనం ఎంత, అందులో ఎవరు ఎన్ని వాటాలు తీసుకుంటున్నారు, మొదటి డైరెక్టర్లు ఎవరు, వారికి ఇతర కంపెనీల్లో ఏమైనా సంబంధం ఉందా. చిరునామాకు రుజువుగా కరెంటు బిల్లు లాంటిది జతచేయాలి. స్థలం వేరేవారిదైతే వారి అనుమతి పత్రం ఇవ్వాలి. డైరెక్టరుగా ఉండటానికి ఒప్పుకుంటున్నట్లు ప్రతి ఒక్కరూ సమ్మతి పత్రం ఇవ్వాలి.

వీటన్నిటితోపాటు వాటాలు తీసుకునేవారూ, మొదటి డైరెక్టర్లూ ఒక ప్రకటన చేయాలి. కంపెనీల వ్యవహారాల్లో తాము నేరస్థులుగా రుజువు కాలేదనీ, గడచిన ఐదేళ్లలో ఏ కంపెనీ పట్లా మోసానికి గానీ విధి ఉల్లంఘనకు గానీ పాల్పడినట్లు తేలలేదనీ, దాఖలు చేసిన పత్రాల్లోని సమాచారం తమకు తెలిసినంతవరకు సరైనది, పూర్తి అయినది, నిజమైనది అనీ వారు రాసివ్వాలి. చార్టర్డ్ అకౌంటెంటు లేదా కంపెనీ సెక్రటరీ లాంటి వృత్తి నిపుణుడు కూడా ధ్రువీకరించాలి.

ఈ దరఖాస్తులు హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర నమోదు కార్యాలయానికి వెళతాయి. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఉన్న మనిషి ముఖం అక్కడి అధికారి చూడడు, అతని దుకాణం చూడడు. కాగితాన్ని చూసి సర్టిఫికెట్ ఇస్తాడు. ఆ తర్వాత ఆ కంపెనీతో వ్యవహరించే ప్రతివాడూ అదే కాగితాన్ని నమ్ముకుంటాడు. కనుక అది ఒట్టి దరఖాస్తు కాదు. మనల్ని చూడనివారి ముందు మన గురించి మనమే ఇచ్చుకునే సాక్ష్యం.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ నమాజు గురించో హజ్ గురించో కాదు, అప్పు కాగితం గురించి. బఖరా సూరాలోని 282వ ఆయత్ అది. గడువుతో కూడిన అప్పు తీసుకుంటే రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని అందులో ఆదేశించబడింది. ఇంకో విషయం కూడా ఉంది. పత్రంలోని విషయాన్ని చెప్పి రాయించాల్సింది అప్పు ఇచ్చేవాడు కాదు, తీర్చాల్సిన బాధ్యత ఉన్నవాడు. అతడు అల్లాహ్‌కు భయపడుతూ, అందులో ఏదీ తగ్గించకుండా చెప్పాలని ఆజ్ఞ. కంపెనీ దరఖాస్తులో కూడా జరుగుతున్నది ఇదే. రేపు ఎవరు బాకీ పడబోతున్నారో వారే ఈ రోజు వివరాలు చెప్పి రాయిస్తున్నారు. ఆ ఆయత్‌లోని హెచ్చరిక వారికి కూడా వర్తిస్తుంది.

'లిమిటెడ్' అంటే ఏమిటి?

పేరు చివర ఉండే 'లిమిటెడ్' అనే మాటను మనం గౌరవ బిరుదులా చూస్తాం. అసలు అర్థం వేరు. వాటా తీసుకున్నవాడు దానికి కట్టాల్సిన డబ్బు కట్టేశాక, కంపెనీ మునిగిపోయినా అప్పులవాళ్లు అతని ఇంటి మీదికి, సొంత ఆస్తి మీదికి రాలేరు. చట్టం దృష్టిలో కంపెనీ ఒక వేరే 'వ్యక్తి'. బాకీ దానిదే, వాటాదారులది కాదు.

ఈ పద్ధతి ఇంగ్లండులో 1855లో, మన దేశంలో 1857లో చట్టం ద్వారా వచ్చింది. ఇంగ్లండులో సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసు ఇందులో చాలా ప్రసిద్ధం. ఆయన తన వ్యాపారాన్ని 1892లో కంపెనీగా మార్చాడు. అప్పటి చట్టానికి ఏడుగురు కావాలి. భార్య, ఐదుగురు పిల్లలు ఒక్కో వాటా చొప్పున తీసుకున్నారు. మొత్తం 20,007 వాటాల్లో 20,001 ఆయనవే. తర్వాత వ్యాపారం దెబ్బతింది. అరువు మీద సరుకు ఇచ్చినవారికి కంపెనీ దగ్గర ఏమీ మిగలలేదు. కేసు పై దాకా వెళ్లింది. కంపెనీ వేరు, సాలమన్ వేరు, కంపెనీ అప్పులకు ఆయన బాధ్యుడు కాడు అని 1896లో తీర్పు వచ్చింది. ఆయన మోసం చేశాడని న్యాయస్థానం అనలేదు. ఆయన కూడా నష్టపోయాడు. కానీ సరుకు ఇచ్చి చేతులు ఖాళీ చేసుకున్నవారి సంగతి? చట్టం ముందు ఆ ప్రశ్న ముగిసింది. ధర్మం ముందు అది ఇంకా నిలిచే ఉంది.

పండితులు దేన్ని చూసి అనుమతించారు?

మన పూర్వపు ఫిఖ్హ్ గ్రంథాల్లో షిర్కత్, ముజారబత్ ఉన్నాయి గానీ ఈ రూపంలోని కంపెనీ లేదు. కనుక ఆధునిక పండితులు దీన్ని కొత్త సమస్యగా తీసుకుని చర్చించారు. ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ సాహెబ్ దీనికి దగ్గరి ఉదాహరణలను ఫిఖ్హ్‌లోనే చూపారు. వక్ఫ్ మనిషి కాకపోయినా దానికి ఆస్తి ఉంటుంది, బాకీ ఉంటుంది. బైతుల్ మాల్ కూడా అంతే. మరణించినవాడి అప్పులు అతను వదిలిన ఆస్తిని మించితే, మిగతాది వారసుల సొంత ఆస్తి మీద పడదు. ముజారబత్‌లో డబ్బు పెట్టినవాడు అప్పులు తెచ్చుకోమని అనుమతించకపోతే అతని బాధ్యత పెట్టుబడిని దాటదు. కాబట్టి బాధ్యతకు ఒక హద్దు ఉండటం షరీఅత్‌కు పూర్తిగా కొత్త విషయమేమీ కాదు.

1992లో జిద్దాలో జరిగిన 7వ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా పరిమిత బాధ్యత గల వాటాల కంపెనీ స్థాపించడానికి షరీఅత్‌లో అభ్యంతరం లేదని 63వ తీర్మానంలో పేర్కొన్నది. దానికి చూపిన కారణాన్ని పాఠకులు శ్రద్ధగా గమనించాలి. కంపెనీతో వ్యవహరించేవారికి ఈ పరిమితి సంగతి తెలిసే ఉంటుంది. తెలిసి వ్యవహరిస్తున్నారు కాబట్టి అక్కడ మోసానికి, అస్పష్టతకు (గరర్‌కు) తావు లేదు. ఇదీ ఆ కారణం.

అంటే ఆ అనుమతి ఎదుటివాడికి నిజం తెలిసి ఉండటం అనే పునాది మీద నిలిచింది. కంపెనీ ఎవరిది, ఎంత డబ్బుతో మొదలైంది, ఎక్కడ ఉంది, ఏ పని చేస్తుంది అనే సంగతులు అతనికి ఆ రిజిస్ట్రేషన్ కాగితాల ద్వారానే తెలుస్తాయి. ఆ కాగితాల్లో అబద్ధం చేరితే పునాది కదిలినట్లే. పునాది కదిలాక పరిమితి మనల్ని కాపాడుతుందని ఏ మొహంతో చెప్పగలం?

విచిత్రమేమిటంటే దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. తప్పుడు సమాచారం ఇచ్చి, లేదా ముఖ్య విషయాన్ని దాచి కంపెనీని నమోదు చేయించినట్లు తేలితే, సభ్యుల బాధ్యతకు పరిమితి లేకుండా చేసే అధికారాన్ని 2013 చట్టంలోని 7వ సెక్షను ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. దీనికి బాధ్యులైన వ్యవస్థాపకులు, మొదటి డైరెక్టర్లు, ప్రకటన చేసినవారు మోసం నేరం కింద శిక్షార్హులు. ప్రాపంచిక చట్టమే అబద్ధానికి ఇంత విలువ కట్టినప్పుడు విశ్వాసి దాన్ని చిన్న విషయంగా ఎలా చూడగలడు?

పైన పొడి, లోపల తడి

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వ్యాపారి తడిసిన ధాన్యం అమ్మడం నిషిద్ధమని ప్రవక్త (స) అనలేదు. దాన్ని దాచడాన్ని తప్పుపట్టారు. కంపెనీ కాగితాల్లో ఈ తడి ఎక్కడెక్కడ దాగుతుందో చూద్దాం.

మొదటిది అరువు పేరు. అసలు డబ్బు ఒకరిది, వాటా ఇంకొకరి పేరున. పేరు తనదై లాభం వేరొకరిదైతే ఆ సంగతిని ఇద్దరూ కంపెనీకి తెలియజేయాలని చట్టంలోని 89వ సెక్షను చెబుతోంది. అలా చెప్పకుండా దాచిపెట్టడం కుటుంబాలకు ఎంత ప్రమాదమో ఆలోచించండి. పేరు ఉన్నవాడు హఠాత్తుగా మరణిస్తే ఆ వాటా అతని వారసుల్లో పంచబడుతుంది. అసలు యజమాని ఒట్టి చేతులతో మిగులుతాడు. లేదా అసలు యజమాని మరణిస్తే అతని కూతుళ్లకు రావలసిన వారసత్వ హక్కు ఎవరికీ తెలియకుండా మాయమవుతుంది. ఆ వాటా మీద జకాత్ ఎవరు చెల్లించాలో కూడా తేలదు. ఒక్క అబద్ధపు పేరు వల్ల ఇన్ని హక్కులకు నష్టం కలుగుతుంది.

రెండోది లేని చిరునామా. ఎవరి ఇంటి కరెంటు బిల్లో అడిగి తెచ్చి జతచేస్తారు. అక్కడ బోర్డు ఉండదు, మనిషి ఉండడు. బాకీ అడగడానికి వచ్చినవాడు ఆ ఇంటి తలుపు కొట్టి సిగ్గుపడి వెళతాడు. రిజిస్టర్డ్ ఆఫీసును రిజిస్ట్రారు స్వయంగా వచ్చి తనిఖీ చేయవచ్చునని చట్టం అంటోంది. ఆయన రాకపోయినా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.

మూడోది లేని మూలధనం. ప్రైవేట్ కంపెనీకి కనీసం లక్ష రూపాయల మూలధనం ఉండాలన్న నిబంధనను 2015లో తొలగించారు. కనుక పదివేలతో మొదలుపెట్టినా తప్పులేదు. అయినా గొప్పగా కనిపించడానికి పది లక్షలని రాసి, ఒక్క రూపాయీ కట్టనివారు ఉన్నారు. వాటాల డబ్బు అందిందని 180 రోజుల్లో డైరెక్టరు ప్రకటించాలి. దానికోసం ఒక్క రోజుకు చేబదులు తెచ్చి ఖాతాలో చూపించి, మర్నాడు తీసేస్తే అది ప్రకటన కాదు, నాటకం. పరిమిత బాధ్యతలో అప్పులవాడికి మిగిలే భరోసా ఆ మూలధనమే. అది కూడా ఉత్తిదైతే అతనికి మిగిలేదేమిటి?

నాలుగోది చేయని వ్యాపారం. ఆడిటరు దగ్గర ఉన్న పాత నమూనాను చదవకుండా అలాగే దింపేస్తారు. అందులో వడ్డీ వ్యాపారం ఉండవచ్చు, మనకు ధర్మసమ్మతం కాని ఇంకేదైనా ఉండవచ్చు. "మేము ఈ పనులు చేయడానికి కంపెనీ పెడుతున్నాం" అని కింద మన సంతకం ఉంటుంది. చేయబోయే హలాల్ వ్యాపారాన్ని మాత్రమే స్పష్టంగా రాయించుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

ఇంట్లో ఆడవారి సంతకం

రెండో డైరెక్టరు కావాలనగానే చాలామందికి మొదట గుర్తొచ్చేది భార్య, లేదా అమ్మ. భోజనాల వేళ కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటారు. డిజిటల్ సంతకం అయితే ఆ మాత్రం కూడా ఉండదు. ఓటీపీ అడిగి చెప్పించుకుంటారు, అంతే.

షరీఅత్ స్త్రీకి ప్రత్యేక ఆస్తి హక్కు ఇచ్చింది. ఆమె మహర్, ఆమె వారసత్వం, ఆమె సంపాదన ఆమెవే. భర్త అప్పు ఆమె అప్పు కాదు. ఇంత స్పష్టంగా వేరుచేసిన ఆమె పేరును, ఆమెకు అర్థం కాకుండా ఒక బాధ్యతలోకి లాగడం అమానత్‌లో ఖియానత్ అవుతుంది. ఆమె పేరు కూడా ఆమె ఆస్తే.

దీని ఫలితం ఊహ మాత్రమే కాదు. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు కంపెనీ తన లెక్కలు లేదా వార్షిక నివేదికలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. 2017లో ప్రభుత్వం రెండు లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి తొలగించింది. సుమారు మూడు లక్షల మంది డైరెక్టర్లు అనర్హులయ్యారు. "నాకేమీ తెలియదు, సంతకం పెట్టానంతే" అనే మాట అధికారుల ముందు అంత తేలిగ్గా చెల్లదు.

అలాగని మన స్త్రీలు కంపెనీల్లో ఉండకూడదని కాదు. హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరున్న వ్యాపారవేత్త. తన వ్యాపారం ఏమిటో, ఎవరి చేతిలో పెట్టారో ఆమెకు తెలుసు. మన ఇంటి ఆడవారికి కూడా అలాగే తెలియజేసి, వాటా ఇచ్చి, లెక్క చూపించి చేర్చుకుంటే అది శుభమే.

ఈ పరిమితి భారం ఎవరి మీద పడుతోంది?

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. కాగితాలన్నీ నిజాయితీగా రాశాం, కష్టపడ్డాం, అయినా వ్యాపారం మునిగింది. చట్టం మన ఇంటి జోలికి రాదు. అల్లాహ్ దగ్గర కూడా మన బాధ్యత తీరినట్లేనా?

ఇక్కడ పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. పరిమిత బాధ్యతను సమర్థించిన తఖీ ఉస్మానీ సాహెబ్ కూడా దాన్ని వేలాది మందికి వాటాలు అమ్మే పబ్లిక్ కంపెనీలకే పరిమితం చేయాలన్నారు. కొద్దిమంది కలిసి నడుపుకునే ప్రైవేట్ కంపెనీల్లో ప్రతి ఒక్కరికీ వ్యాపారం సంగతులు తెలుసుకునే వీలుంటుంది గనుక, అప్పులకు వారే బాధ్యులు కావాలన్నారు. వ్యాపారంలో పాల్గొనకుండా కేవలం డబ్బు పెట్టినవారికి మినహాయింపు ఉండవచ్చన్నారు. మనవాళ్లు పెట్టేవి దాదాపు అన్నీ ప్రైవేట్ కంపెనీలే. కనుక ఈ మాట నేరుగా మనకే తగులుతుంది.

ఆయన అభిప్రాయంతో ఏకీభవించనివారు కూడా ఒక వాస్తవాన్ని కాదనలేరు. చిన్న కంపెనీకి బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు సాధారణంగా డైరెక్టర్ల దగ్గర సొంత హామీ రాయించుకుంటుంది, అవసరమైతే ఇంటి కాగితాలు తీసుకుంటుంది. అంటే తెలివి, బలం ఉన్నవాడు పరిమితిని ముందే దాటేస్తాడు. చివరికి ఆ పరిమితి ఎవరి మీద పడుతుంది? అరువు మీద సరుకు పంపిన చిన్న వ్యాపారి మీద, సరుకు దించిన ఆటోవాడి మీద, రెండు నెలల జీతం రాని పనివాడి మీద. వీరెవరూ కంపెనీ కాగితాలు తీసి చూసినవారు కారు. "ఫలానా హాజీగారి అబ్బాయి కదా" అని మన ముఖం చూసి, మన అబ్బాజాన్ పేరు చూసి నమ్మినవారు. వారికి 'లిమిటెడ్' అనే పదానికి అర్థం కూడా తెలియదు.

జిద్దా తీర్మానంలోని కారణాన్ని ఇక్కడ గుర్తు చేసుకోండి. ఎదుటివాడికి తెలుసు గనుక మోసం లేదన్నారు. ఇక్కడ ఎదుటివాడికి తెలియదు. మనం చెప్పలేదు. పైగా మన సొంత పరువును చూపించి అప్పు తెచ్చుకున్నాం. తెచ్చుకున్నప్పుడు 'నేను', తీర్చాల్సినప్పుడు 'కంపెనీ' అంటే అది న్యాయమేనా? కనుక ఇలాంటివారి బాకీని, మనకు శక్తి ఉన్నంతవరకు, శక్తి వచ్చినప్పుడల్లా తీర్చడమే దైవభీతికి తగిన మార్గం. పనివాడి చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రత్యర్థిగా నిలుస్తాడని సహీహ్ బుఖారీ హదీసులో ఉంది. అక్కడ కంపెనీ అనే వ్యక్తిని మన బదులు బోనులో నిలబెట్టలేము.

అప్పు విషయంలో దైవప్రవక్త (స) ఎంత గట్టిగా ఉండేవారో అందరికీ తెలుసు. ఒక జనాజా తెచ్చినప్పుడు మృతునికి మూడు దీనార్ల అప్పు ఉందని, తీర్చడానికి ఏమీ వదలలేదని తెలిసి, మీ సహచరుని నమాజ్ మీరే చేయండని అన్నారు. ఆ అప్పు తన మీద వేసుకుంటున్నానని అబూ ఖతాదా (రజి) చెప్పాకే నమాజ్ చేయించారు. తర్వాతి కాలంలో అల్లాహ్ విజయాలు ప్రసాదించినప్పుడు, అప్పుతో మరణించే విశ్వాసుల బాకీలు తాను తీరుస్తానని ప్రకటించారు. చనిపోయాడు కనుక అప్పు పోయిందని ఆయన అనలేదు. ఎవరో ఒకరు తీర్చాలన్నారు.

అయితే నిజాయితీగా నష్టపోయినవాడిని షరీఅత్ వేధించదు. పండ్ల వ్యాపారంలో దెబ్బతిని అప్పులపాలైన ఒక వ్యక్తికి దానం చేయమని ప్రవక్త (స) ప్రజలకు చెప్పారు. వచ్చింది అప్పులకు చాలలేదు. ఉన్నది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని ఆయన అప్పులవాళ్లకు చెప్పారు. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే ఇంకా మేలని బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తుంది. మాఫీ చేయడం అప్పు ఇచ్చినవాడి ఔదార్యం. దాన్ని అప్పు తీసుకున్నవాడు తన హక్కుగా ముందే లెక్కవేసుకుని కంపెనీ పెట్టడం వేరే సంగతి. తీర్చాలనే ఉద్దేశంతో ప్రజల సొమ్ము తీసుకున్నవాడి తరఫున అల్లాహ్ తీరుస్తాడని, ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నవాడిని అల్లాహ్ నాశనం చేస్తాడని బుఖారీలోనే ఉంది.

కొన్ని సాకులు

"అందరూ ఇలాగే రాస్తున్నారు కదా" అంటారు కొందరు. ప్రళయదినాన ఎవరి కర్మల పత్రం వారి చేతికే ఇవ్వబడుతుంది, పక్కవాడి పత్రం చూపించి తప్పించుకోలేము.

"ప్రభుత్వ కాగితమే కదా, అది దీన్ విషయం కాదు" అంటారు ఇంకొందరు. ఆ కాగితాన్ని నమ్మి నష్టపోయేది మనుషులు. వారి హక్కు హుఖూఖుల్ ఇబాద్. ఆ మనిషి ముస్లిమా కాదా అనే తేడా ఇందులో లేదు. హిజ్రత్ రాత్రి ప్రవక్త (స) తనను చంపజూసిన మక్కావాసుల అమానతులను తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని అక్కడ ఉంచారు. ఆయన మరణించేనాటికి ఆయన కవచం బార్లీ కోసం ఒక యూదుని దగ్గర తాకట్టులో ఉంది. ముస్లిమేతరుని బాకీ కూడా బాకీయే.

"నిజం రాస్తే పని జరగదు" అనేది మూడో సాకు. ఏకవ్యక్తి కంపెనీ ఉంది, భాగస్వామ్య సంస్థ ఉంది, సొంత పేరుతో వ్యాపారం ఉంది. చట్టమే ఇన్ని దారులు ఇచ్చాక అబద్ధం అవసరమైపోయిందని ఎవరూ అనలేరు.

సంతకానికి ముందు

కంపెనీ పెట్టే ప్రతి ముస్లిం, పేరు ఇవ్వమని అడగబడే ప్రతి ముస్లిం ఈ విషయాలు చూసుకోవాలి. ఒకటి, సంతకం చేసే ప్రతి పత్రాన్ని చదవాలి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనో ఉర్దూలోనో చెప్పించుకోవాలి. రెండు, ఎవరి వాటా ఎంతో ఉన్నది ఉన్నట్లు రాయించాలి. ఆ సంగతి ఇంట్లోవారికి, వారసులకు తెలియాలి. మూడు, కట్టగలిగినంత మూలధనమే రాయాలి, రాసినంతా కట్టాలి. నాలుగు, చేయబోయే హలాల్ వ్యాపారమే రాయించాలి. ఐదు, అరువు ఇచ్చే చిన్నవారికి, పనివారికి ఇది లిమిటెడ్ కంపెనీ అని, దాని అర్థం ఇదని వారికి తెలిసే భాషలో చెప్పాలి. ఆరు, లెక్కలు ఏటా దాఖలు చేయాలి.

మొదట వచ్చిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. బావగారి కంపెనీలో నిజంగా బాధ్యత తీసుకుని, లెక్కలు చూస్తూ ఉండదలిస్తే సంతకం పెట్టండి, అల్లాహ్ బర్కత్ ఇస్తాడు. పేరు మాత్రమే ఇవ్వాలంటే మర్యాదగా కాదనండి. బంధుత్వం కోసం మనకు తెలియని విషయానికి సాక్ష్యం చెప్పమని ధర్మం మనల్ని కోరలేదు. నిసా సూరా 135వ ఆయత్‌లో మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా అయినా సరే న్యాయంగా సాక్ష్యమివ్వమని ఆజ్ఞ ఉంది.

అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి ఉన్న లోపాన్ని వెల్లడిస్తే వారి వ్యాపారంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. కంపెనీకి మొదటి రోజు వచ్చే సర్టిఫికెట్ మీద ఆ శుభం ఉండాలో వద్దో దరఖాస్తు నింపేటప్పుడే మన చేతుల్లో ఉంటుంది.

అల్లాహ్ మన వ్యాపారాలను హలాల్ చేయుగాక! మన మాటల్లో, మన సంతకాల్లో సత్యాన్ని ప్రసాదించుగాక! ప్రజల హక్కులు మెడ మీద లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని మనందరికీ కలుగజేయుగాక! ఆమీన్.